కోడి పేలకు వరి మందు కొట్టొద్దు

పోయిన నెల సభ్యత్వాలు రాయడానికి మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ వైపు వెళ్లినప్పుడు ఒక గూడెంలో పొద్దుపోయింది. కోళ్లు గూట్లోకి చేరే వేళ. గూడు తలుపు తీసే ఉంది, అడుగున కొత్తగా ఊక కూడా పోసి ఉంది. అయినా ఒక్క పెట్ట లోపలికి పోదు. ఆ ఇంటి ఆడపడుచు గింజలు జల్లి పిలుస్తుంటే వస్తాయి, తింటాయి, మళ్లీ పోయి చింతచెట్టు ఎక్కుతాయి. "పాము దూరిందేమోనని రెండుసార్లు గూడంతా దులిపించాను అన్నా, ఏమీ కనబడలేదు" అంది ఆమె. చెట్టు మీద పడుకున్న కోళ్లను రాత్రిపూట అడవి పిల్లి పట్టుకుపోతోంది. అప్పటికి మూడు పోయాయి.

అన్నం తిన్నాక టార్చిలైటు తీసుకుని గూడు దగ్గరకు వెళ్లాం. కోళ్లు కూర్చునే వెదురు బొంగును తిప్పి అడుగువైపు లైటు వేశాం. ఆవగింజ కంటే చిన్న ఎర్రటి చుక్కలు కదులుతున్నాయి. వేలితో రుద్దితే వేలికి రక్తం అంటింది. ఆ రక్తం కోడిది. పాము కాదు, పురుగు.

మన దగ్గర దీన్ని కోడి పేను అనే అంటారు. కానీ తల పేను లాంటిది కాదు ఇది. మిరపకు, వంగకు పట్టే ఎర్రనల్లి మనకు తెలుసు కదా, దానిలాగే ఇదీ నల్లి జాతిదే. ఎనిమిది కాళ్లు, పెద్దదైనా ఒక మిల్లీమీటరుకు మించదు. ఆకలిగా ఉన్నప్పుడు బూడిద రంగు, రక్తం తాగాక ఎరుపు. మామూలు పేను పగలూ రాత్రీ కోడి ఈకల్లోనే ఉంటుంది, కోడిని పట్టుకుని రెక్క కింద ఈకలు విడదీస్తే కనబడుతుంది. ఇది అలా కాదు. పగలంతా బొంగుల సందుల్లో, తడికె ముడుల్లో, గోడ పగుళ్లలో, గంప అల్లికలో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి కోడి మీదికెక్కి రక్తం తాగి మళ్లీ సందులోకి పోతుంది. అందుకే పగలు కోడిని ఎంత వెతికినా దొరకదు. రైతు "మా కోళ్లకు పేలు లేవు" అంటాడు. ఆ మాట తప్పూ కాదు, ఒప్పూ కాదు.

దాని సంతతి పెరిగే తీరు తెలిస్తేనే దాన్ని ఎలా ఎదుర్కోవాలో తెలుస్తుంది. వెచ్చదనం, తేమ కలిసొస్తే గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే పురుగు దాకా వారం పది రోజులు చాలు. మన కొండల్లో వానాకాలం, దాని వెనకే వచ్చే నెలలు దానికి పెళ్లి భోజనం. ఇంకో సంగతి, గూడు ఖాళీ చేసి వదిలేస్తే తిండి లేక చస్తుందనుకుంటాం. చావదు. చల్లని చోట రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతుంది. ఎనిమిది నెలల దాకా బతికినట్టు పరిశోధకులు రాశారు. పోయిన ఏడాది వదిలేసిన పాత గంపను ఈ ఏడాది పొదిగే పెట్టకు వేస్తే, పెట్టతో పాటు పాత శత్రువునూ కూర్చోబెట్టినట్టే.

ఎక్కువ నష్టం ఈ పొదిగే పెట్ట దగ్గరే. మిగతా కోళ్లు తప్పించుకుని చెట్టెక్కుతాయి. ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీద కూర్చోవలసిన పెట్ట ఎక్కడికి పోతుంది? రాత్రంతా కుట్టించుకుంటూ కూర్చుంటుంది. తురాయి ఎరుపు పోయి పాలిపోతుంది, తిండి తగ్గుతుంది. ఏ పదిహేనో రోజుకో తట్టుకోలేక లేచిపోతుంది. గుడ్లు చల్లబడి పాడైపోతాయి. ఒకవేళ నిలబడి పిల్లలు తీసినా, ఆ పిల్లల ఒంట్లో ఉన్న రక్తమెంత? రెండు మూడు రాత్రుల్లో తూగుతూ నిలబడి చచ్చిపోతాయి. మనం కొక్కెర తెగులు అనుకుంటాం, దిష్టి అనుకుంటాం. కొక్కెర తెగులు వేరు, దానికి టీకా ఉంది, వేయించాలి. కానీ టీకా వేయించిన ఇంట్లో కూడా పిల్లలు ఇలా పోతుంటే రాత్రిపూట బొంగు తిప్పి చూడండి.

కోడి చిన్న విషయం, దీనికి సంపాదకీయమా అని మన సంఘంలోనే ఒకరిద్దరు అన్నారు. కొండ మీద బతికే వాళ్లకు ఆ ప్రశ్న రాదు. జీడిమామిడికి ఏడాదికి ఒకసారే డబ్బు, అదీ దళారి చెప్పిన ధరకు. చింతపండూ అంతే. మధ్యలో పిల్లాడి హాస్టలు ఖర్చుకు, ఆసుపత్రికి, రంపచోడవరం బస్సు చార్జీకి డబ్బు కావాలంటే సంతకు పోయేది కోడే. అది ఇంట్లో ఆడవాళ్ల చేతి డబ్బు, మగవాడిని అడగక్కర్లేని డబ్బు. మామిడికొత్త పండుగకు కోడి కావాలి, చుట్టం వస్తే కోడి కావాలి. మారేడుమిల్లి రోడ్డు పక్కన బొంగు చికెన్ తిని ఫొటోలు దిగిపోయే వాళ్లకు ఆ బొంగులో కోడి ఎక్కడిదో పట్టదు. చాలా దుకాణాల్లో అది మైదానం నుంచి లారీలో వచ్చిన బాయిలర్ కోడి. మన పెరటి కోడి మన సంతలోనే సరిపోనప్పుడు వాళ్లయినా ఏం చేస్తారు. సరే, అది వేరే వ్యాసం.

ఇప్పుడు అసలు మాట. పురుగు కనబడగానే మనం చేసే పని ఏమిటి? చూరులో దాచిన మందు సీసా తీస్తాం. వరికో మిరపకో కొట్టగా మిగిలింది. బకెట్టు నీళ్లలో మూతెడు కలిపి గూడంతా చల్లుతాం. మేమూ చేశాం. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లోనే. సాయంత్రం చల్లాం, రాత్రి కోళ్లను మూసేశాం. తెల్లారి తలుపు తీస్తే పద్నాలుగు కోళ్లలో పదకొండు కాళ్లు చాపేసి ఉన్నాయి. మా అమ్మ మాతో మూడు రోజులు మాట్లాడలేదు. అంతకంటే పెద్ద తప్పు, చచ్చిన వాటిలో రెండింటిని ఎవరో కూర వండుకుంటామని తీసుకుపోబోతే చివరి నిమిషంలో ఆపాం. అవి ఆ ఇంటి పిల్లల కంచాల్లోకి పోయి ఉంటే ఈ మాట ఇలా రాయగలిగే వాళ్లం కాదు.

ఇది చదువులేని వాళ్లు చేసే తప్పు అనుకోవద్దు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో ఇదే పురుగు కోసం కోళ్ల షెడ్లు శుభ్రం చేసే కంపెనీలు ఫిప్రోనిల్ కలిపిన మందు కొట్టాయి. తినే జీవాల దగ్గర అది వాడకూడదని అక్కడ చట్టం. గుడ్లలో మందు తేలింది. లక్షల గుడ్లు పారబోశారు, ఫారాలు మూతపడ్డాయి, ఆ గుడ్లు డజన్ల దేశాలకు పోయాయని బయటపడింది. ఫిప్రోనిల్ అంటే మనకు కొత్త కాదు, వరిలో కాండం తొలిచే పురుగుకు గుళికలుగా చల్లుతున్నదే. అక్కడ గుడ్డును పరీక్షించేవాడున్నాడు కాబట్టి తెలిసింది. మన పెరటి గుడ్డును ఎవడు పరీక్షిస్తాడు? అది నేరుగా మన పిల్లల నోట్లోకే పోతుంది.

ఒకప్పుడు కోళ్ల గూళ్లలో, ఇళ్లలో నువాన్ కొట్టేవాళ్లు. అది డైక్లోర్‌వాస్. మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి దాన్ని నిషేధించారు. ఫోరేట్ గుళికలనూ అదే ఉత్తర్వులో నిషేధించారు. పాత నిల్వలు ఎవరింట్లోనైనా ఉంటే కోళ్ల దగ్గరకు తేవద్దు, పిల్లలకు అందనివ్వద్దు. మలేరియా మందు కొట్టడానికి సిబ్బంది వచ్చినప్పుడు "గూట్లో కూడా ఓ దెబ్బ కొట్టండి" అని అడిగే వాళ్లున్నారు. అదీ వద్దు.

మరి ఏం చేయాలి? ఖర్చు తక్కువ, ఒళ్లు వంచే పని ఎక్కువ. ఎండ బాగా ఉన్న రోజు చూసుకుని కోళ్లను బయటికి తోలి గూడు మొత్తం ఖాళీ చేయాలి. అడుగున ఉన్న ఊక, గడ్డి, పెంట అంతా ఊడ్చి దూరంగా తీసుకుపోయి కాల్చేయాలి. ఎరువు దిబ్బలో వేయొద్దు, మళ్లీ నడుచుకుంటూ వస్తాయి. కోళ్లు కూర్చునే బొంగులు ఊడదీసి సలసల కాగే నీళ్లు సందుల్లోకి పోయాలి. ఊడిరాని చోట మంట సెగ చూపించొచ్చు, కానీ తడికె గూడైతే ఆ పని జాగ్రత్త, గూడుతో పాటు ఇల్లు అంటుకుంటుంది. మట్టి గోడైతే పగుళ్లు పూడ్చి, పైనుంచి చిక్కటి సున్నం రెండు పూతలు వేయాలి. పాత గంపలు నీళ్లలో ఉడికించలేకపోతే కాల్చేసి కొత్తవి అల్లుకోవడం మేలు. వెదురు మనకు కరువు కాదు.

ఒక్కసారితో అయిపోదు. వేడినీళ్లకు చావని గుడ్లు ఏ లోపలి సందులోనో ఉంటాయి. అవి పిల్లలయ్యి, అవి మళ్లీ గుడ్లు పెట్టకముందే పట్టుకోవాలి. కాబట్టి ఐదారు రోజులకు రెండోసారి, మళ్లీ ఐదారు రోజులకు మూడోసారి ఇదే పని చేయాలి. ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే. మొదటిసారి కడిగాక కోళ్లు గూట్లోకి పోతాయి, మనం గెలిచామనుకుంటాం, పదిహేను రోజులకు కథ మొదటికొస్తుంది.

కోళ్లు పొర్లాడడానికి ఒక మూల పొడి బూడిద, మెత్తటి మట్టి కలిపి గుంటలో పోయండి, వాన తగలకుండా పైన రేకో తాటాకో కప్పండి. కోడి తన వైద్యం తానే కొంత చేసుకుంటుంది. పొదిగే పెట్ట కింద వావిలాకు, వేపాకు వేయడం మన పెద్దల అలవాటు. ఆ వాసనకు పురుగు రావడం తగ్గుతుందని వాళ్ల అనుభవం, మాదీ అదే. కానీ కుప్పలుగా పట్టిన గూట్లో ఆకులు వేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. కోళ్లు కూర్చునే బొంగు గోడకు తగలకుండా కట్టి, దాని రెండు కాళ్లకు పాత ఇంజనాయిలు తడిపిన గుడ్డ చుట్టిన ఒక సభ్యుడింట్లో పురుగు బాగా తగ్గింది. నూనె కోడికి అంటకుండా చూసుకోవాలి.

సంతలో కొన్న కోడిని ఆ రాత్రే మన కోళ్లతో కలపొద్దు, పది రోజులు వేరే ఉంచండి. అరువు తెచ్చిన గంప, పాత పంజరం, చూరులో పిచ్చుక గూడు, ఇవన్నీ దారులే.

ఇంతచేసినా లొంగకపోతే పశువైద్యుణ్ణి అడిగి, పశువులకూ కోళ్లకూ అని రాసి ఉన్న మందే, ఆయన చెప్పిన కొలతతో, కోళ్లు లేనప్పుడు గూటికి కొట్టండి. గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా అడగండి. ఒకే మందు ఏళ్ల తరబడి కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది. యూరప్ ఫారాల్లో అదే జరిగింది.

ఇంకొక మాట ఆసుపత్రి వాళ్లకు. కోళ్లు చూరు కిందే పడుకునే ఇళ్లలో ఈ పురుగు మనుషులనూ కుడుతుంది. పొద్దున లేచేసరికి చేతుల మీద, నడుము దగ్గర ఎర్రటి దద్దుర్లు, దురద. గజ్జి అని ట్యూబు ఇచ్చి పంపుతారు, తగ్గదు. మీ ఇంట్లో కోళ్లున్నాయా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఇక ప్రభుత్వం సంగతి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు యంత్రాంగం మొత్తం కదిలింది. కదలాలి కూడా. కానీ పదిహేను కోళ్లున్న ఆదివాసీ ఇంట్లో పిల్లలు వరసగా చస్తే అది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. జాతీయ పశుగణ మిషన్ కింద గ్రామీణ కోళ్ల పెంపకానికి 50 శాతం, 25 లక్షల దాకా సబ్సిడీ ఉంది. వెయ్యి తల్లి కోళ్లు, పిల్లలు తీసే యంత్రం పెట్టగలిగిన వాడికి. గుడిస కొండ కింద ఎవరు పెడతారు? పెరటి కోళ్లకని వనరాజా, గ్రామప్రియ పిల్లలు పంచిన చోట కూడా పిల్లలు ఇచ్చి ఫొటో తీసుకుని పోవడమే తప్ప, గూడు ఎలా కట్టాలో చెప్పినవాళ్లను మేం చూడలేదు. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుందంటారు, ఫోన్ సిగ్నలు దొరికే చోటుకు నడిచి వెళ్లాకే ఆ మాట.

మేం అడుగుతున్నది పెద్దదేం కాదు. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులు నెలకోసారి సంత రోజున వచ్చి కోళ్లు చూడాలి, కొక్కెర తెగులు టీకా అక్కడే వేయాలి. ఐటీడీఏ పంచే ప్రతి కోడిపిల్లల పెట్టెతో పాటు ఆ ఇంటికి ఒక బస్తా సున్నం, గూడుకు వెదురు ఇవ్వాలి. కొండ భాషలు తెలిసిన ఆడవాళ్లనే గూడేనికొకరిని ఎంచి శిక్షణ ఇవ్వాలి, ఊరికే కాదు, జీతంతో. ఈ మూడింటి మీద రంపచోడవరం ప్రాజెక్టు అధికారికి ఇవ్వబోయే అర్జీ మండల కమిటీ దగ్గర ఉంది, సంతకాలు పెట్టండి.

మొదట చెప్పిన ఆ గూడెంలో మర్నాడు ఉండిపోయి గూడు కడిగాం. నీళ్లు మోసింది ఆడవాళ్లు, బొంగులు ఊడదీసింది కుర్రాళ్లు. వారానికి రెండోసారి వాళ్లే కడిగారు. మూడోసారి ఈ ఆదివారం. వీలైన సభ్యులు ఒక బకెట్టు, ఒక పాత చీపురు పట్టుకుని రండి.