కొట్టిన కొమ్మ ఎక్కడికి పోతోంది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. ఆ రెండూ చెప్పేవాళ్ళు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. నాకు గట్టిగా తెలిసింది చెట్ల పని ఒక్కటే. పదిహేనేళ్ళుగా శంషాబాద్ చుట్టుపక్కల తోటల్లో, లేఅవుట్లలో, రోడ్ల వెంట కొమ్మలు కొట్టించడం, గాలివానకు పడిన చెట్లు తీయించడం నా ఉద్యోగం. కాబట్టి కొట్టిన కొమ్మ గురించే రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో నేను మానిటర్‌ని. ఆదివారం పొద్దున శ్రమదానంలో ఆకులన్నీ ఊడ్పించి, బోరింగు పక్కనున్న వేపచెట్టు మొదట్లో కుప్ప పోయించి అగ్గిపెట్టించేవాణ్ణి. అలా చేస్తేనే ఆవరణ శుభ్రమని మా నమ్మకం. పొగంతా గదుల్లోకి వచ్చేది. ఆయాసం ఉన్న ఒక చిన్న తరగతి కుర్రాడు మూతికి తువ్వాలు చుట్టుకొని గేటు దగ్గర కూర్చునేవాడు. మేము నవ్వేవాళ్ళం. మొన్న వచ్చినప్పుడు చూశాను, ఆ వేపకు పడమటి వైపు బెరడు లేదు. చెయ్యి పట్టేంత తొర్ర పడింది. చెట్టుకు ప్రాణం లోపలి చేవలో ఉండదు, బెరడు కిందనున్న పలుచటి పొరలో ఉంటుంది. మొదట్లో మంట పెడితే ముందు చచ్చేది అదే. ఈ సంగతి నేను నేర్చుకునే సరికి వేపకు జరగాల్సింది జరిగిపోయింది.

అప్పట్లో ఒక్క మంచి ఉండేది. కట్టెల పొయ్యి. లావు కొమ్మలను కామాటి ఎండబెట్టి వంటకు పెట్టేవాడు, బూడిదతో గిన్నెలు తోమేవారు. తర్వాత గ్యాసు వచ్చింది. వంటమనిషి కళ్ళకు, ఊపిరికి మేలు జరిగింది, అందులో అనుమానం లేదు. అయితే దాంతోపాటు కొమ్మకు ఉన్న విలువ పోయింది. విలువ పోయినదాన్నే మనం చెత్త అంటాం.

2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక మన ప్రాంతం ఎలా మారిందో మీకు చెప్పనక్కరలేదు. రోడ్లు వచ్చాయి, వెంచర్లు వచ్చాయి, వాటితో వరుసల కొద్దీ చెట్లు కూడా వచ్చాయి. 2015 జూలైలో మనకు దగ్గరలోనే చిలుకూరులో హరితహారం మొదలైంది. మొక్క నాటేటప్పుడు ఫోటో ఉంటుంది, బ్యానర్ ఉంటుంది. పదేళ్ళకు ఆ మొక్క చెట్టై కరెంటు తీగలను తాకితే కొమ్మ కొడతారు. ఆ కొమ్మ ఎటు పోయిందో అడిగేవాళ్ళు ఉండరు. చాలాసార్లు అది ట్రాక్టరెక్కి ఏ చెరువు కట్ట పక్కనో, ఖాళీ ప్లాటులోనో పడుతుంది. వారం తిరిగేలోపు దానిమీద కోడి మాంసం దుకాణాల వ్యర్థం పడుతుంది. కుక్కలు వస్తాయి, గద్దలు వస్తాయి. చివరికి ఎవరో నిప్పు పెడతారు. పక్షులు మూగేలా చెత్త పారబోయకూడదని విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల వరకు నిబంధన ఉంది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించి, మామూలుగా కాల్చినవారికి 5,000, పెద్దమొత్తంలో కాల్చినవారికి 25,000 రూపాయల జరిమానా పెట్టింది. పారబోయకూడదు, కాల్చకూడదు. మరి ఏం చేయాలో మాత్రం కూలివాడికి ఎవరూ చెప్పరు.

అసలు చిక్కు బిల్లులో ఉంది. నేను చూసిన పనుల్లో చాలావాటికి ట్రాక్టర్ ట్రిప్పుల లెక్కన డబ్బు. ఎంత ఎక్కువ చెత్త బయటికి పోతే అంత బిల్లు. అలాంటప్పుడు ఆకును చెట్టు కిందే ఉంచుదామనే తెలివిమాలిన కాంట్రాక్టరు ఎవరుంటారు? అందుకే చెట్టు తల మొత్తం నరికేస్తారు. తల నరికిన చెట్టు బతకాలన్న ఆరాటంతో మొండెం నిండా పుల్లల్లాంటి చిగుళ్ళు వేస్తుంది. వాటికి పట్టు ఉండదు. రెండేళ్ళకు మళ్ళీ తీగలను తాకుతాయి, మళ్ళీ ట్రాక్టర్ రావాలి. కొమ్మను మొదలు దగ్గరి ఉబ్బును వదిలి సరిగ్గా అక్కడే కోస్తే గాయం తానే మూసుకుంటుంది. లావు కొమ్మ అయితే ముందు కిందినుంచి కొంచెం, తర్వాత పైనుంచి, చివరకు మిగిలిన మోడు. ఇలా మూడు కోతలు వేస్తే బెరడు చీలదు. నా దృష్టిలో చెట్ల వ్యర్థాన్ని తగ్గించే మొదటి పని ఇదే. కొయ్యనక్కరలేని కొమ్మను కొయ్యకపోవడం.

కోసినదాని మీద మొదటి హక్కు ఎవరిది? పొయ్యి మీద వండుకునే కూలి కుటుంబాలదని నేను గట్టిగా అంటాను. పర్యావరణం పేరుతో వాళ్ళ చేతిలోని కట్టె లాక్కోవడం న్యాయం కాదు. లావు దుంగలు కోతమిల్లుకో, కట్టెల అడితికో పోతాయి. ఎవరికీ అక్కరలేనివి సన్నపుల్లలు, ఆకులు. వాటిని చిప్పర్ యంత్రంలో వేసి ముక్కలు చేసి చెట్ల కింద మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే ఎండాకాలంలో తేమ ఆరిపోదు, కలుపు తగ్గుతుంది. పచ్చి ముక్కలను మట్టిలో కలపకూడదు. అవి కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. పైపైన పరచాలి, మొదలుకు జానెడు దూరం ఉంచాలి. చెదలు వస్తాయని భయపడేవారికి కూడా నా జవాబు అదే. చెట్టు మొదలుకు, ఇంటి గోడకు ఆనించకండి.

యంత్రం ఖరీదైనదే. ఒక్క కాంట్రాక్టరు కొనలేడు, ఒక మునిసిపాలిటీ కొనగలదు. సింగపూర్‌లో 2012లో తెరిచిన ఒక పెద్ద ఉద్యానవనంలో, నగరంలో కత్తిరించిన కొమ్మలనే ఇంధనంగా వాడి అద్దాల తోటలను చల్లబరుస్తారు. మనకు అంత అక్కరలేదు. వాడిన చోటికే పుల్ల తిరిగి చేరితే చాలు.

చేవెళ్ళ మర్రుల సంగతి కూడా చెప్పాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెంట తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయాలంటే ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. అదే రోడ్డుపై 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర బస్సు ప్రమాదంలో ఎంతోమంది చనిపోయారు. ఆ కుటుంబాల ముందు నిలబడి రోడ్డు వద్దని నేను అనలేను. చెట్టును వేళ్ళతో సహా తీసి మరోచోట నాటవచ్చు, నిజమే. కానీ దానికి ముందు కొమ్మలన్నీ కోసేయాలి, వేరుముద్దకు గోనెసంచులు చుట్టాలి, క్రేన్ కావాలి, నాటాక రెండు మూడేళ్ళు నీళ్ళు పోయాలి. ఫోటో మొదటిరోజే తీస్తారు. నీళ్ళ ట్యాంకరు రెండో వేసవికి కనబడదు. ఆ కోసిన మర్రి కొమ్మలు కూడా చెత్త కావు. తొడంత లావు కొమ్మను వానాకాలంలో పాతితే అదే వేరు పోసుకుంటుంది. మర్రి, రావి, మేడి అన్నిటికీ ఆ గుణం ఉంది. ఒక చెట్టును తరలించే చోట పది కొమ్మలు పాతడానికి అదనంగా అయ్యే ఖర్చు గడ్డపార పనే.

ఇక మన వేప. తొర్ర పడింది, డార్మిటరీ మీద పడుతుంది, కొట్టేయాలి అనే మాట ఈ ఏడాది వినబడింది. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు. చుట్టూ గట్టి కలప ఎంత మిగిలిందన్నదే లెక్క. నేను సుత్తితో తట్టి చూశాను, మూడు వైపులా గట్టిగా మోగింది. డార్మిటరీ వైపు వాలిన రెండు పెద్ద కొమ్మల బరువు తగ్గిస్తే ఇప్పటికి సరిపోతుందని నా అభిప్రాయం. తొర్రలో సిమెంటు పోయించవద్దు, నీరు లోపలే నిలిచి ఇంకా కుళ్ళుతుంది. ఏటా వానలకు ముందు ఒకసారి తట్టి చూడాలి. ఎప్పుడో నిజంగా తీయక తప్పకపోతే, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకొని తీద్దాం. మొద్దును అడితికి అమ్మకుండా భోజనశాలకు బెంచీలు చేయిద్దాం. వేప కలపకు పురుగు తొందరగా పట్టదు.

ఆకులకు మాత్రం ఇప్పుడే ఒక చోటు కావాలి. స్నానాల గదుల వెనక, గోడకు మూడడుగులు వదిలి, పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు గుంత. ఎండాకు ఒక వరస, వంటగది కూరగాయల తొక్కలు ఒక వరస, పైన పేడనీళ్ళు, పలుచగా మట్టి. పదిహేను రోజులకొకసారి తిరగెయ్యాలి. నాలుగైదు నెలలకు ఎరువవుతుంది. అన్నం మాత్రం వేయకండి, ఎలుకలు వస్తాయి. వార్డెన్ సారు ఒప్పుకున్నారు. వచ్చే నెల రెండో ఆదివారం రంపం, తాడు, బెల్టు తీసుకొని నేను వస్తాను. వేప కొమ్మల పని నేను చూసుకుంటాను, చెట్టు మీదికి పిల్లలెవరూ ఎక్కకూడదు. గుంత తవ్వడానికి పదో తరగతి వాళ్ళను అడగొద్దు, వాళ్ళకు పరీక్షలు. తొమ్మిదో తరగతి మానిటర్ ఎవరో నాకు ఫోన్ చేయించండి.