పక్షికి గజ్జి - మన చేతిలో మందుసీసా

మా వైపు నల్లి అంటే మిరపతోటలో కింది ముడత తెచ్చేది, వరిలో కంకిని చెడగొట్టేది. అది కనబడితే చాలు, రైతు చెయ్యి మందుడబ్బా మీదికి పోతుంది. రైతుబిడ్డను కనుక ఆ చెయ్యి సంగతి నాకు బాగా తెలుసు. ఇప్పుడు అదే చెయ్యి పక్షుల వైపు కూడా సాగుతున్నది. హాస్టలు వరండాలో వాలే గోరువంకల్లో ఒకదాని కాళ్లు సున్నం పూసినట్టు తెల్లగా పెచ్చులు కట్టి ఉన్నాయి. మిత్రులు కొందరు జాలిపడి, పశువుల మందు తెచ్చి రెండు చుక్కలు వేద్దామన్నారు. వాళ్ల మనసు మంచిదే. నేను మాత్రం వద్దన్నాను. ఎందుకో చెబుతాను.

ఈ పెచ్చులకు తరచు కారణం నెమిడోకాప్టిస్ అనే నల్లి. ఎనిమిది కాళ్ల జీవి గనుక సాలెపురుగుకు బంధువు. మనుషులకు గజ్జి తెచ్చే సార్కాప్టిస్‌కైతే మరీ దగ్గర చుట్టం. అర మిల్లీమీటరుకు మించదు. కాళ్ల పొలుసుల కింద, ముక్కు మొదట్లో సొరంగాలు తవ్వి, అక్కడే పుట్టి అక్కడే పెరుగుతుంది. చర్మం తేనెపట్టులా గుల్లబారుతుంది. ముదిరితే వేళ్లు ఊడిపోవచ్చు. కొమ్మను పట్టుకోలేని పిట్ట ఎన్నాళ్లు బతుకుతుంది చెప్పండి?

అయితే పెచ్చుకట్టిన ప్రతి కాలూ నల్లి పట్టిన కాలు కాదు. మశూచి వైరస్ వల్ల కూడా కాళ్ల మీద, ముక్కు దగ్గర బొడిపెలు లేస్తాయి. యూరప్‌లో చాఫించ్ అనే చిన్న పిట్ట కాళ్లకు వచ్చే బొడిపెలకు పాపిలోమా వైరసూ కారణమే, నల్లీ కారణమే. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. పెచ్చును గీకి, పొటాషియం హైడ్రాక్సైడులో నానబెట్టి, మైక్రోస్కోపు కింద చూస్తే గాని తేలదు. పైగా ఈకల మీద తిరిగే నల్లులు చాలావరకు పక్షికి శత్రువులే కావు. ఈకల మీది బూజునూ బాక్టీరియానూ తిని బతుకుతాయి. పురుగు కనబడింది, చల్లెయ్ అనడం శాస్త్రం చదివేవాళ్లు అనవలసిన మాట కాదు.

మందు లేదా అంటే ఉంది. జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఐవర్‌మెక్టిన్. ఆ పరిశోధనకే క్యాంప్‌బెల్, ఒమురాలకు 2015లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. పక్షులకు సాధారణంగా వాడే మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. ఇక లెక్క వేద్దాం. పిచ్చుక బరువు సుమారు 25 గ్రాములు; దానికి కావలసింది 0.005 మిల్లీగ్రాములు. పశువులకు పొడిచే 1 శాతం మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. చుక్క అంటే 0.05 మిల్లీలీటరు అనుకున్నా అందులో 0.5 మిల్లీగ్రాము. అంటే నూరింతలు! గోరువంక 100 గ్రాములు తూగుతుందనుకుంటే మావాళ్ల రెండు చుక్కలూ యాభై ఇంతలు.

సరిగ్గా పలచన చేసి ఇచ్చినా ఒక్కసారితో పోదు, సుమారు రెండు వారాలకు మళ్లీ ఇవ్వాలి. ఎగిరిపోయిన పిట్టను రెండోసారి ఎవరు పట్టి తెస్తారు? పంజరంలో ఉంచుదామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. గింజల్లో కలిపి పెడదామంటే ఏ పిట్ట ఎంత తిన్నదో ఎవరికెరుక? పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల పాలిట విషమైంది. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించేసరికే రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అదీ మంచికని ఇచ్చిన మందే కదా.

అయితే చూస్తూ ఊరుకోమంటావా అని అడుగుతారు. ఎగరలేక పడి ఉన్న పక్షిని అటవీశాఖ వారికో, పశువైద్యుడికో అప్పగించండి. ఎగిరేదాన్ని ఎగరనివ్వండి. మన చేతిలో ఉన్నవి మన కోళ్లు, పంజరాల్లోని లవ్‌బర్డ్స్. కోడి కాళ్లకు పట్టేది ఇంకో జాతి నెమిడోకాప్టిస్. దానికి పల్లెల్లో కిరసనాయిలు పూస్తారు. నల్లి చచ్చే మాట అటుంచి కోడి చర్మం కాలుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, పెచ్చులను లాగకుండా మెత్తబరచి, వాజిలీన్ దట్టంగా కొన్నాళ్లు పూస్తే నల్లికి ఊపిరాడదు. తగ్గకపోతే పశువైద్యుణ్ణి అడగాలి. కోళ్లగూటి నెర్రెల్లో పగలు దాక్కుని రాత్రి రక్తం తాగే ఎర్రనల్లి మాత్రం పిచ్చుకలనూ పావురాలనూ కూడా వదలదు. కనుక గూడు శుభ్రంగా ఉంచితే అడవి పిట్టకూ మేలే. కోడి పొర్లాడటానికి పొడిమట్టి ఉండాలి. (మన కాలేజీ ఆవరణ అంతా సిమెంటు చేసిన పెద్దలు పిచ్చుకలు ఎక్కడ పొర్లాలో ఆలోచించినట్టు లేదు.)

విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. జువాలజీ ల్యాబులో మైక్రోస్కోపులు శనివారం మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాయి. పూలదండలకయ్యే ఖర్చులో కొంత స్లైడులకు ఇవ్వండి. లెక్చరర్లు ఒక గంట దగ్గరుండి చూపిస్తే, చుట్టుపక్కల ఊళ్ల కోళ్ల కాళ్లకు పట్టింది నల్లో, మశూచో మనమే చూసి చెప్పవచ్చు. మా ఊరి నుంచి పెచ్చుల పొట్లాలు తెచ్చే పని నాది.