గోడకు అటూ ఇటూ

పల్లెటూళ్ళో పోట్లాటకో పద్ధతుంటుంది. పొద్దున్నే కుళాయి దగ్గర మొదలవుతుంది. పదింటికల్లా రెండు కుటుంబాల ఏడు తరాల చరిత్రా వీధిలోకొస్తుంది. పదకొండింటికి ఆయన విసురుగా చెప్పులేసుకుని వెళ్ళి టీకొట్టులో కూర్చుంటాడు. ఆవిడ మధ్యాహ్నం బస్సుకి అక్కగారి ఊరెళ్ళిపోతుంది. సాయంత్రం గుడి అరుగు మీద ఓ పెద్దాయన 'పోనిద్దురూ, ఇరుగూ పొరుగూ అన్నాక...' అని రాగం అందుకుంటాడు. రెండోరోజుకి కాఫీపొడి అప్పు. మూడోరోజుకి కరివేపాకు రెబ్బ. కథ కంచికి.

2020 వేసవిలో మా బాపులపాడులో పోట్లాటలు మిగిలాయి గానీ, ఈ పద్ధతి పోయింది. టీకొట్టు మూత. బస్సు బంద్. గుడి తలుపులకి తాళం. రాజీ చేయాల్సిన పెద్దాయన్ని కొడుకూ కోడలూ గడప దాటనివ్వడం లేదు. కోపమొస్తే వెళ్ళడానికి చోటు లేదు, తగ్గితే చెప్పిపంపడానికి మనిషి లేడు. ఇక మిగిలిందల్లా మధ్యలో గోడ!

బాపులపాడంటే గుర్తుపట్టనివాళ్ళు కూడా హనుమాన్ జంక్షన్ అంటే 'ఓ, అదా' అంటారు. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే చోటు. నూజివీడు అని బోర్డున్న రైల్వేస్టేషను కూడా నూజివీడులో లేదు, ఇక్కడే ఉంది. రైలు దిగి 'నూజివీడు ఎటండీ?' అని అడిగేవాళ్ళకి బస్సు చూపించడం మావాళ్ళకి అలవాటే. ఊరి పక్కనే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి. ఒకప్పుడు 5వ నంబరు, 2010 నుంచి 16. ఆ హోరులోనే పుట్టాం, ఆ హోరులోనే నిద్రపోతాం.

ఆ హోరు మనకెంత మేలు చేస్తోందో అది తగ్గాకే తెలిసింది. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 24 రాత్రి ప్రకటన, 25 నుంచి లాక్‌డౌన్. ఆ రోజు ఉగాది, శార్వరి నామ సంవత్సరం మొదలు. రైళ్ళు లేవు, బస్సులు లేవు, కార్లు లేవు. సరుకు లారీలు మాత్రం అడపాదడపా. ఊరంతా నిశ్శబ్దం. అంతే, పక్కింట్లో పోపు వేస్తే చిటపటలు మనకి వినిపించాయి. వాళ్ళు మనల్ని అన్న మాటలూ వినిపించాయి! ఎన్నో ఏళ్ళుగా లారీల హారన్ల కింద క్షేమంగా దాగిన మాటలన్నీ ఒక్కసారిగా గోడ దాటాయి.

ఇక చూస్కోండి. జనతా కర్ఫ్యూ సాయంత్రం ఐదింటికి చప్పట్లు కొట్టమంటే, ఎదురింటి కుర్రాడు అరువు తీసుకున్న ఇత్తడి పళ్ళాన్ని గరిటెతో వాయించి సొట్ట పెట్టాడని మొదటి పేచీ. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమంటే, ఒకరింట్లో ట్యూబులైటు వెలుగుతూనే ఉందని రెండోది. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో పాత రామాయణం మళ్ళీ మొదలైంది కదా. హిందీ రాకపోయినా ఊరంతా వినేలా సౌండు పెట్టారని మూడోది.

పొద్దున ఆరింటికి కిరాణా కొట్టు తెరిచేవారు. ముందు సున్నంతో గుండ్రాలు గీశారు, మనిషికొకటి. ఐదున్నరకే వెళ్ళి చూస్తే మనుషుల్లేరు. ఒక గుండ్రంలో సంచీ, ఒక దాంట్లో చెప్పులు, ఇంకో దాంట్లో ఇటుకరాయి. సొంతదార్లు ఇళ్ళల్లో కాఫీ తాగుతున్నారు. 'సంచీ నిలబడితే మనిషి నిలబడ్డట్టేనా?' అని ఒకరు. 'నిన్న మీ చెప్పులు నిలబడలేదా?' అని ఇంకొకరు. అంత నిష్ఠగా గుండ్రాల్లో నిలబడ్డ మగవాళ్ళే, మే 4న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచేసరికి భుజం భుజం రాసుకుంటూ బారులు తీరారు. ఆ రోజు ధర 25 శాతం పెంచారు. మర్నాటికి పెంపు మొత్తం 75 శాతం అయింది. బారు మాత్రం తగ్గలేదు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు దీన్ని ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద యుద్ధం పెంకుటింటి అత్తయ్యగారికీ మేడింటి పిన్నిగారికీ. అత్తయ్యగారి పెరట్లో చిన్న రసాల చెట్టు. దాని కొమ్మ గోడ దాటి పిన్నిగారి వాకిట్లోకి వాలింది. మామూలు ఏడాదైతే రాలిన ఆకులు పిన్నిగారు ఊడ్చుకోవడం, ఆ కొమ్మ కాయలు పిన్నిగారు కోసుకోవడం. రాసుకోని ఒప్పందం. ఆ ఏడాది పనిమనిషి రాలేదు. 'ఆకులు ఊడవలేక నడుం పడిపోతోంది, కొమ్మ కొట్టించండి' అన్నారు పిన్నిగారు. 'కాయలు తిన్నప్పుడు పడిపోలేదేం నడుం?' అన్నారు అత్తయ్యగారు. మర్నాడు పిన్నిగారు ఆకులన్నీ పోగుచేసి గోడ మీంచి ఇవతలికి విసిరారు. అత్తయ్యగారు సరిగ్గా అదే సమయానికి గట్టిగా తుమ్మారు. ఆ రోజుల్లో తుమ్మంటే మాటలా? పిన్నిగారు ఆ గోడంతా బ్లీచింగ్ పౌడరు చల్లించారు!

నవ్వుకుంటాం గానీ, ఆ పేచీల్లో సగం ఆకుల గురించి కావు, సొట్ట గురించీ కావు. ఏప్రిల్ 14 అన్నారు, మే 3 అన్నారు, మే 17 అన్నారు, మే 31 అన్నారు. అత్తయ్యగారబ్బాయి హైదరాబాదులో హాస్టల్లో ఇరుక్కున్నాడు. లాక్‌డౌన్ మొదట్లో హాస్టళ్ళు ఖాళీ చేసిన పిల్లలు బళ్ళ మీద బయల్దేరి, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో గంటలకొద్దీ నిలబడిపోవడం టీవీలో చూసి ఆవిడ అన్నం మానేశారు. పిన్నిగారి భర్తకి షుగరు. మాత్రలు నూజివీడు నుంచి తెప్పించుకోవాలి. జంక్షన్‌లో పోలీసులు లాఠీలతో నిలబడ్డారు. ఎవరి మీద అరవాలి? వైరస్ మీద అరవలేం. ప్రభుత్వం మీద అరిచినా వినపడదు. అరిస్తే వినిపించేది గోడకి అవతల మనిషికే.

అరుపుల సంగతి అదీ. అరవని కథ ఒకటుంది. అసలు చెప్పాల్సింది అదే.

ఏప్రిల్ 25న అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు ఇంతియాజ్‌గారు ఒక విషయం చెప్పారు. విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు తోచక ఇరుగుపొరుగుతో చతుర్ముఖ పారాయణం పెట్టాడు. ఆడవాళ్ళు హౌసీ ఆడారు. 24 మందికి వైరస్ అంటింది. కార్మికనగర్‌లో ఇలాగే ఇంకో లారీ డ్రైవరు వల్ల 15 మందికి. ఆయన చెప్పింది గుంపులుగా చేరొద్దని, పేకాట వద్దని. మనవాళ్ళు పేకాట సంగతి వదిలేసి, 'లారీ డ్రైవరు' అన్న మాట పట్టుకున్నారు.

జంక్షన్ పక్క ఊళ్ళో లారీ డ్రైవరు లేని వీధి ఉంటుందా? మా వీధి చివరింటి అతను డ్రైవరే. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. లాక్‌డౌన్‌లోనూ బండి దిగలేదు. దిగితే మనకి ఉల్లిపాయలెక్కడివి, కందిపప్పెక్కడిది? దారిలో హోటళ్ళు లేవు, దాబాలు లేవు. బండిలోనే వండుకుని, బండి కిందే పడుకుని తిరిగాడు. అతనికి జబ్బు రాలేదు. పరీక్ష చేస్తే లేదనే వచ్చింది.

ఆ ఇంటితో ఎవరూ పోట్లాడలేదు. ఒక్క మాట కూడా అనలేదు. పాలవాడు మాత్రం అందరికీ పోశాక చివర్న వెళ్ళడం మొదలుపెట్టాడు. కుళాయి దగ్గరికి ఆ ఇల్లాలు వస్తే మిగతా బిందెలు వెనక్కి జరిగేవి. పిల్లాడు గోలీలు జేబులో వేసుకుని వస్తే, వీధి పిల్లల్ని ఇళ్ళల్లోంచి పిలుపులు వచ్చేవి. నాలుగు రోజులకి ఆ ఇల్లాలు అందరూ పట్టుకెళ్ళాక, మధ్యాహ్నం ఎండలో నీళ్ళకి రావడం అలవాటు చేసుకుంది. పిల్లాడు గుమ్మంలో ఒక్కడే ఆడుకునేవాడు. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. తిట్టలేదు.

మే నెల వచ్చింది. హైవే మీద కొత్త దృశ్యం. తమిళనాడు వైపు నుంచి, గుంటూరు, విజయవాడల నుంచి ఒడిశాకీ, బీహారుకీ, బెంగాల్‌కీ నడిచిపోతున్న కూలీలు. నెత్తిన మూట, చంకన పిల్ల, కాలికి తెగిన చెప్పు. శ్రామిక్ రైళ్ళు మే 1 నుంచి నడుస్తున్నా అందరికీ అందలేదు. మే మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం రహదారుల వెంట భోజనం, నీళ్ళు పెట్టమంది. అంతకన్నా ముందే రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని వెళ్ళారు. మా వీధీ వెళ్ళింది. అత్తయ్యగారు పులిహోర కలిపారు, పిన్నిగారు మజ్జిగ చిలికారు. ఇద్దరూ ఒకే టెంటు కింద నిలబడి ఒకరితో ఒకరు మాట్లాడకుండా వడ్డించారు. ఊరూ పేరూ తెలియనివాళ్ళకి కడుపు నింపిన చేతులు అవి. మంచివాళ్ళు కాదని ఎవరంటారు?

ఆ ఇద్దరి మౌనం పోగొట్టింది మాత్రం మామిడికాయే. ఆవకాయ రోజులొచ్చాయి. ఏటా కాయకింతని ముక్కలు కొట్టిపెట్టే మనిషి ఆ ఏడు సంతలో లేడు. సంతే లేదు. మామూలు కత్తిపీటకి టెంక తెగదు. పెంకుతో సహా ముక్క పడాలంటే పెద్ద కత్తి కావాలి. వీధి మొత్తానికీ అది ఉన్నది పెంకుటింట్లోనే. పిన్నిగారు రెండు రోజులు ఓపిక పట్టారు. మూడోరోజు గోడ దగ్గర నిలబడి, గాల్లోకి చూస్తూ, 'కాయ మెత్తబడిపోతోంది' అన్నారు. అత్తయ్యగారు కూడా గాల్లోకే, 'కాయలు ఇటు అందిస్తే కొట్టివ్వనా?' అన్నారు. సాయంత్రానికి ముక్కలు అటు వెళ్ళాయి. వారం తిరిగి మూడోనాటి తిరగకలిపిన ఆవకాయ గిన్నె ఇటొచ్చింది. కొమ్మ ఇవాళ్టికీ గోడ దాటే ఉంది.

తోటల్లో కాయకి ఆ ఏడు కోసే కూలీలూ లేరు, తోలే బళ్ళూ చాల్లేదు. రైతుకి నష్టం. ఊళ్ళో మాత్రం బుట్టలు బుట్టలుగా రసాలు ఇంటింటికీ తిరిగాయి. పళ్ళెం సొట్టా, ట్యూబులైటూ, ఇటుకరాయీ అన్నీ ఆ రసంలో కరిగిపోయాయి. ఇప్పుడు ఏ పెళ్ళిలో కలిసినా వాటిని తలుచుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు.

చివరింటికి మాత్రం బుట్ట వెళ్ళలేదు. వెళ్ళకూడదని ఎవరూ అనుకోలేదు కూడా. అక్కడ తగువు లేదు కదా, రాజీ ఎందుకు? ఇదే చిక్కు. అరుచుకున్నవాళ్ళు కలిసిపోయారు. అరవనివాళ్ళే మిగిలిపోయారు. తిట్టిన మాటని వెనక్కి తీసుకోవచ్చు. వెనక్కి జరిపిన బిందెని ఎలా వెనక్కి తీసుకుంటాం?

మరుసటి ఏడాది రెండో ఉధృతి. 2021 మే నెలలో ఒడిశా నుంచి విజయవాడ ప్రభుత్వాసుపత్రికి ఆక్సిజన్ తెస్తున్న ట్యాంకరు ఒకటి దారిలో జాడ లేకుండా పోయింది. పోలీసులు గాలిస్తే తూర్పుగోదావరి జిల్లాలో ఓ దాబా దగ్గర దొరికింది. డ్రైవరు ఎక్కడికీ పారిపోలేదు. నిద్రలేక, అలసి, ఇంక నడపలేక ఆగాడు. పోలీసులు తోడిచ్చి ట్యాంకరును విజయవాడ చేర్చారు. ఆ రోజు ఆసుపత్రిలో మంచాల మీదున్నవాళ్ళు ఊపిరి తీసుకున్నది ఒక లారీ డ్రైవరు రెక్కల కష్టంతో. అది వచ్చిన రోడ్డూ ఈ 16వ నంబరే.

మీ ఊళ్ళోనూ ఒక చివరిల్లు ఉండే ఉంటుంది. డ్రైవరు కాకపోతే నర్సు, నర్సు కాకపోతే ఆశా కార్యకర్త, అదీ కాకపోతే అద్దెకుండి ఆసుపత్రికి వెళ్ళొచ్చిన కుటుంబం. ఇన్నేళ్ళయింది, వాళ్ళూ మరిచిపోయుంటారులే అనుకుంటాం. మా చివరింటి పిల్లాడు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. పొద్దున్నే బస్సు కోసం వీధంతా నడిచి వెళ్తాడు, ఎవరింటి వైపూ చూడడు. వాళ్ళమ్మకి కుళాయికి మధ్యాహ్నం వెళ్ళే అలవాటు ఇంకా పోలేదు.

ఆ ఇంటికి వెళ్ళి క్షమాపణ పత్రం చదవక్కర్లేదు. చదివితే వాళ్ళకే ఇబ్బంది. ఈసారి ఆవకాయ కలిపినప్పుడు ఒక గిన్నె ఎక్కువ కలపండి. పిల్లలతో పంపించకండి, మీరే పట్టుకెళ్ళండి. లోపలికి రమ్మంటే వెళ్ళి కూర్చోండి. మంచినీళ్ళు ఇస్తే తాగండి.