శరణార్థుల పక్షమున మా ప్రణాళిక

తిరుపతి, చిత్తూరు సీమల వాసులమైన మేము, ఆశ్రయము గోరి వచ్చినవారియెడల మా కర్తవ్యమును నిర్ణయించుకొని, ఈ ప్రణాళికను ప్రజల యెదుట నుంచుచున్నాము.

ఈ సీమకు శరణార్థుల చరిత్ర క్రొత్తది కాదు. చిదంబరమున వైష్ణవారాధనకు విఘాతము కలిగినప్పుడు అచ్చటి గోవిందరాజుల యుత్సవమూర్తిని భక్తులు తిరుపతికి కొనివచ్చిరనియు, పండ్రెండవ శతాబ్దమున శ్రీమద్రామానుజులు కొండ దిగువను ఆ స్వామికి ప్రతిష్ఠ గావించిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. నేటి తిరుపతి పట్టణము ఆ కోవెల చుట్టును పెరిగినదే. 1323లో ఢిల్లీ సైన్యములు శ్రీరంగముపై బడగా, ఊరూరు తిరిగిన రంగనాథుని యుత్సవమూర్తి తుదకు తిరుమల చేరి పూజలందుకొనెను. 1371లో విజయనగర సేనాని గోపన్న ఆ మూర్తిని శ్రీరంగమున పునఃప్రతిష్ఠించెను. ఒక యతిథి యిచ్చటనే నిలిచి ఊరికి నాథుడాయెను. వేరొక యతిథి కాలము చక్కబడిన పిమ్మట స్వస్థానమునకు మరలెను. నిలుచుటయు మరలుటయు రెండును ధర్మ్యములే.

మన తెలుగువారును శరణార్థులైనవారే. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా, రంగూను రేవులందును మిల్లులందును చెమటోడ్చిన తెలుగు కూలీలు కొండదారుల కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలిచేతను, మలేరియాచేతను దారిలోనే రాలిపోయినవా రెందఱో. 1962 తరువాత సైనిక ప్రభుత్వము వర్తకములను జాతీయము చేయుటతో మిగిలినవారిలో పెక్కురు వట్టిచేతులతో మరలిరి.

నేడు మన సరిహద్దునకు అనతిదూరమున గుమ్మిడిపూండి శిబిరమున శ్రీలంక తమిళులును, హైదరాబాదు బాలాపూరు గుడిసెలలో రోహింగ్యాలును బ్రతుకు లీడ్చుచున్నారు. నాటి శరణార్థికి బాట యెంత దుర్గమమైనను, చేరినచోట దున్నుకొనుటకో, కూలి చేసికొనుటకో పత్రమడుగువాడు లేడు. నేటివాడు ప్రాణములతో గట్టెక్కియు, పత్రము లేనిదే పనికిని, బడికిని, వైద్యమునకును తడుముకొనవలసియున్నది. 1951 నాటి శరణార్థుల అంతర్జాతీయ ఒడంబడికపై మన దేశము సంతకము చేయలేదు. వారికై ప్రత్యేక శాసనమును లేదు. కావున వారి జీవితము హక్కుపైగాక అధికారుల దయపై నిలిచియున్నది. ఇందువలన మేమీ సూత్రములను ప్రకటించుచున్నాము.

మొదటిది: ప్రాణభయముతో వచ్చినవానికి మతమును, భాషను విచారింపకయే ఆశ్రయ మీయవలెను, ప్రమాదము తొలగనిచోటికి బలవంతముగా పంపరాదు.

రెండవది: గోపన్న పేరు శాసనమున నిలిచినది గాని, నాడు ఇండ్లు విడిచి పరుగిడిన సామాన్యులలో పెక్కురి పేరులు నిలువలేదు. నేటి ప్రతి శరణార్థి పేరును నమోదుచేసి గుర్తింపు పత్ర మీయవలెను.

మూడవది: పనిచేసికొను స్వేచ్ఛయు, బిడ్డలకు విద్యయు, రోగులకు వైద్యమును, ఎవరి యారాధన, ఎవరి భాష వారికి నిలుపుకొను నవకాశమును కల్పింపవలెను.

నాల్గవది: మరలుటయో నిలుచుటయో వారి యిష్టమునకే విడువవలెను; ఇచ్చటనే పుట్టి పెరిగిన బిడ్డలకు పౌరసత్వమునకు మార్గము తెరువవలెను.

అయిదవది: వీనినన్నిటిని దయగాగాక చట్టముగా పార్లమెంటు ఆమోదింపవలెను.

శాసనము వచ్చువఱకు మేము చేతులు ముడుచుకొని యుండము. శరణార్థియను కారణమున అద్దె యిల్లు నిరాకరింపము, కూలి తగ్గింపము, వారి బిడ్డలను బడిలో చేర్చుటకు తోడుపోదుము. ఇద్దఱు స్వాములకు చోటిచ్చిన సీమ మనుష్యునికి చోటులేదనుట తగదు. ఈ మాటను అంగీకరించు ప్రతి సోదరుని, ప్రతి సోదరిని మాతో కలిసి నడువుడని ప్రార్థించుచున్నాము.