స్టీరింగు మరమ్మతు ఇంట చేయదగునా?

ఒకప్పుడు ఎద్దుబండి నిలిచిన ముంగిట నేడు మనవారి యిండ్లలో చాలచోట్ల ఎస్‌యూవీ నిలిచియున్నది. హోసూరు, కృష్ణగిరులలోను, బళ్ళారి, కోలారులలోను, షోలాపురములోను, బరంపురము, పర్లాకిమిడులలోను, యానాములోను ఈ మార్పు కానవచ్చుచునేయున్నది. కుటుంబమంతయు ఒక్క బండిలో పెండ్లికిని, పొలమునకును, తిరుపతి యాత్రకును పోవచ్చునన్న సౌకర్యమే దీనికి ముఖ్య కారణము. బండి వచ్చినది, దాని వెంట మరమ్మతు ఖర్చును వచ్చినది. ఆ ఖర్చు తగ్గించుకొనుటకై మన యువకులు కొందరు ఆదివారమునాడు పానాలు పట్టి, ముందు చక్రములు విప్పి, సస్పెన్షనును స్టీరింగును తామే బాగుచేయ బూనుచున్నారు. ఇది తగునా, తగదా అను విషయమున మా యభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాము.

పెద్దలలో కొందరు "ఇది ప్రాణములతో చెలగాటము, మేస్త్రీ చేతిలో పెట్టవలసిన పని" అందురు. యువకులు "నట్టు విప్పుట, నట్టు బిగించుట, ఇందులో బ్రహ్మవిద్య యేమున్నది?" అందురు. ఇరువురి మాటలలోను కొంత సత్యము కలదు. ఐనను ఇరువురును ఈ పనులన్నిటిని ఒకే గాటకట్టి మాటలాడుచున్నారు. పరీక్ష ప్రతి యింటను జరుగవలెను. మరమ్మతులో కొంత భాగము ఇంట చేసికొనవచ్చును. మరికొంత భాగము ఎంతటి నేర్పరియైనను ఇంట చేయరాదు. ఇదియే మా నిశ్చితాభిప్రాయము. ఏది యే తరగతికి చెందునో తెలియుటకు బండి ముందుభాగము పనిచేయు తీరు కొంత తెలిసియుండుట యవసరము.

ఎద్దుబండి మలుపు తిరుగునప్పుడు కాడితోపాటు ఇరుసంతయు తిరుగును. మోటారు బండిలో ఇరుసు తిరుగదు. ముందు చక్రములు రెండును దేనికది తిరుగును. మలుపులో లోపలి చక్రము చిన్న వలయమునను, వెలుపలి చక్రము పెద్ద వలయమునను పోవును గనుక, లోపలి చక్రము ఎక్కువగా తిరుగవలెను. ఈ యేర్పాటును 1817లో మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టగా, 1818లో ఇంగ్లండులో అకెర్‌మాన్ దానికి పేటెంటు పొందెను. గుఱ్ఱపు బండ్లకై పుట్టిన ఆ సూత్రమే నేటి ఎస్‌యూవీకిని ఆధారము. స్టీరింగు పెట్టె నుండి చక్రమునకు ఆ కదలికను చేర్చు కడ్డీ టై రాడ్డు. దాని చివర నుండు గుండ్రని కీలు టై రాడ్ ఎండు.

చక్రమును మోయు భాగము రెండు విధములుగా నుండును. దృఢమైన ఛాసిసు గల పెద్ద బండ్లలో సాధారణముగా పైనొక ఆర్ము, క్రిందనొక ఆర్ము ఉండి, వాని చివరల బాల్ జాయింట్లును, ఛాసిసు వైపున రబ్బరు బుష్షులును ఉండును. మోనోకాక్ నిర్మాణము గల చిన్న ఎస్‌యూవీలలో పై ఆర్మునకు బదులు మెక్‌ఫర్సన్ స్ట్రట్టు ఉండును. అందులో షాక్ అబ్సార్బరును స్ప్రింగును ఒక్కటిగా కూర్చబడియుండును. పాత జీపులలోని కమాను పట్టీలు మొరటువైనను, వాని లోపము కంటికి కనబడెడిది. నేటి కీళ్ళలోని అరుగుదల రబ్బరు తొడుగుల చాటున దాగియుండును. కావుననే పరీక్ష నేర్వవలెనని మేము చెప్పుచున్నాము.

చెడిన కీలు ముందుగనే మాటలాడును. గుంతలో పడినప్పుడు టక్కుమను శబ్దము, స్టీరింగు చక్రము కొంత తిప్పినను బండి మలగకుండుట, బండి ఒక ప్రక్కకు లాగుట, టైరు ఒక అంచుననే అరుగుట: ఇవి ముఖ్యమైన గుర్తులు. వీనిలో ఏది కనబడినను, గట్టి సమతలముపై బండి నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు దిమ్మలు పెట్టి, ముందు చక్రము నేల విడుచునట్లు జాకీతో ఎత్తి, స్టాండుపై నిలుపవలెను. చక్రమును పైనను క్రిందను పట్టి ఊపినచో లూజు తెలిసెనా, అది వీలు బేరింగుదో బాల్ జాయింటుదో యగును. మరియొకరిచేత బ్రేకు త్రొక్కించి మరల ఊపవలెను. లూజు మాయమైనచో బేరింగు, నిలిచినచో బాల్ జాయింటు అని యనుమానింపవచ్చును. చక్రమును ఎడమ కుడి ప్రక్కల పట్టి ఊపినప్పుడు లూజు కానవచ్చినచో ముందుగా టై రాడ్డు కీళ్ళను చూడవలెను.

ఇచట నొక సూక్ష్మము కలదు. క్రింది ఆర్ముపై స్ప్రింగు కూర్చున్న బండ్లలో, ఛాసిసును ఎత్తి చక్రమును వ్రేలాడనిచ్చినచో స్ప్రింగు బలము కీలును బిగబట్టియుంచును. అరిగిన కీలును మంచిదానివలె తోచును. అట్టి బండిలో ఆర్ము క్రింద ఆనిక పెట్టి ఎత్తవలెను. మెక్‌ఫర్సన్ స్ట్రట్టు గల బండిలో చక్రము స్వేచ్ఛగా వ్రేలాడవలెను. ఈ భేదము నెఱుగక పరీక్షించి "మా బండి బాగుగనే యున్నది" అనుకొనుట, పరీక్షింపకుండుటకన్న ప్రమాదకరము.

ఇక ఇంట చేయదగిన పనులు. టై రాడ్ ఎండు మార్చుట, స్టెబిలైజరు లింకు మార్చుట, చినిగిన ర్యాకు బూటు మార్చుట, స్ప్రింగుతో సంబంధము లేక విడిగా నుండు షాక్ అబ్సార్బరు మార్చుట: ఇవి ఓపికయు, తగిన పనిముట్లును గలవాడు చేసికొనగలడు. చినిగిన రబ్బరు తొడుగును సకాలమున మార్చినచో నీరు, దుమ్ము లోని కీలునకు చేరవు. ఉపేక్షించినచో మొత్తము ర్యాకునకే చేటు. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా నిదియే.

ఐనను ఈ పనులకు కొన్ని నియమములు కలవు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. స్టాండు లేనిదే బండి క్రింద తల పెట్టరాదు. ఇటుకలపై బండి నిలుపు అలవాటును మన యిండ్లనుండి పూర్తిగా తొలగింపవలెను. ఇటుక పగులుటకు ముందు హెచ్చరింపదు. ఎద్దుబండికి కడశీల యెట్టిదో, కీలు నట్టునకు స్ప్లిట్ పిన్ను అట్టిది. పాత పిన్నును వంచి మరల వాడరాదు. నట్టు గాడియు రంధ్రమును సరిపడనిచో నట్టును మరికొంత బిగింపవలెనే గాని, వెనుకకు వదులు చేయరాదు. నైలాను వలయము గల నట్టును ఒకమారు విప్పిన పిదప క్రొత్తది వేయవలెను. బలము కొలది బిగించుట నేర్పు కాదు. తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగింపవలెను. రబ్బరు బుష్షుల బోల్టులను చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో, బండి నేలపై దిగగానే రబ్బరు మెలిపడి, కొన్నాళ్ళకే చినుగును. కావున బండి బరువు చక్రములపై పడిన పిమ్మటనే వానిని తుదిగా బిగింపవలెను. క్రొత్త బుష్షులు త్వరగా చెడినవని సామాను దుకాణమును నిందించువారు ముందు ఈ నియమమును తాము పాటించినదియు లేనిదియు విచారించుకొందురు గాక.

టై రాడ్ ఎండు మార్చిన పిదప అలైన్‌మెంటు చేయింపక బండి నడుపుట మరియొక దురభ్యాసము. విప్పునప్పుడు ఎన్ని చుట్లు వచ్చెనో లెక్కించి అన్నియే చుట్లు ఎక్కించిన చాలునని కొందరు తలచెదరు. ఆ లెక్క బండిని అలైన్‌మెంటు కేంద్రము వరకు మెల్లగా నడిపించుకొని పోవుటకు మాత్రమే పనికివచ్చును. మర యొక్క అంతరము 1.5 మిల్లీమీటర్లు, స్టీరింగు చేయి 15 సెంటీమీటర్లు అనుకొందము. అప్పుడు ఒక్క చుట్టు భేదమునకే చక్రము అర డిగ్రీకి మించి తప్పుదారి చూచును. అర డిగ్రీ తప్పిన చక్రము ప్రతి కిలోమీటరునకు సుమారు 9 మీటర్లు ప్రక్కకు రాచుకొనుచు పోవును. ఇంటి మరమ్మతులో మిగిలించిన సొమ్మును టైర్ల దుకాణమున చెల్లించుటలో లాభమేమి?

ఇక ఇంట చేయరాని పనులు. మొదటిది స్ప్రింగును నొక్కి విప్పుట. 500 కిలోల బరువు మోయుచు 15 సెంటీమీటర్లు కుదించుకొనియున్న స్ప్రింగులోని శక్తి, 37 కిలోల రాయి ఒక మీటరు ఎత్తునుండి పడిన దెబ్బకు సమానము. అది పట్టు తప్పినచో ఎటు ఎగురునో చెప్పజాలము. అద్దెకు తెచ్చిన అరిగిన మరల కంప్రెసరుతోను, ఇనుప తీగతోను దానిని అదుపు చేయబూనుట మూర్ఖత్వము. స్ట్రట్టు విప్పవలసివచ్చినప్పుడు దానిని మొత్తముగా ఊడదీసి, స్ప్రింగు మార్పునకు తగిన యంత్రము గల చోటికి చేర్చవలెను.

రెండవది, వంగిన టై రాడ్డునో, ఆర్మునో, నకిలునో కాల్చి, సుత్తితో సరిచేయుట, పగులునకు వెల్డింగు చేయుట. ఇది ఇంటను తగదు, వీధి షెడ్డునను తగదు. తయారుచేయునప్పుడు ఆ లోహమునకిచ్చిన బలము మంటకు పోవును. పైకి మాత్రము నునుపుగా కనబడును. వంగిన భాగమునకు మార్పిడి తప్ప మందు లేదు.

మూడవది స్టీరింగు పెట్టెను, స్టీరింగు స్తంభమును విప్పుట. మన దేశమున 2019 జులై నుండి క్రొత్త కార్లన్నిటిలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు విధిగా నుండవలెను. స్టీరింగు చక్రము లోపల దానికి విద్యుత్తు చేర్చు చుట్ట కలదు. ర్యాకును విడదీసి చక్రమును ఇష్టము వచ్చినట్లు త్రిప్పినచో ఆ చుట్ట తెగును. ప్రమాద సమయమున ఎయిర్‌బ్యాగు తెరచుకొనకపోవచ్చును. స్థిరత్వ నియంత్రణ గల బండ్లలో స్టీరింగు కోణమును తెలుపు సెన్సారును మరల సరిచూడవలెను. ఇవి పానాకు లొంగు పనులు కావు.

బండి ఠీవిగా కనబడవలెనని ముందు స్ప్రింగు క్రింద దిమ్మలు వేసి ఎత్తు పెంచు వారిని గూర్చియు ఒక మాట. ఎత్తు పెరిగిన కొలది కీళ్ళు వాని సహజ కోణమును మీరి పనిచేయును. బండి బోల్తాపడు భయమును పెరుగును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన రూపమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టును ఈ నిషేధమును స్థిరపరచినది. చెడిన భాగమునకు బదులు అట్టి భాగమునే వేయుట మరమ్మతు. బండి స్వరూపమును మార్చుట వేఱు సంగతి. దానిని మరమ్మతు పేరిట సమర్థింపరాదు.

ఈ మాటలు మేస్త్రీల వృత్తికి విరుద్ధములని యెవరును తలపవలదు. చిన్ననాటి నుండి చేతి స్పర్శతో లోపమును పసిగట్టు పనివారు మన ఊళ్ళలో నేటికిని కలరు. వారి విద్య గౌరవింపదగినది. ఐతే ఇంటి యజమానికి పరీక్ష తెలిసియున్నప్పుడే మంచి మేస్త్రీకిని విలువ హెచ్చును. బుష్షు మార్చిన చాలుచోట మొత్తము ఆర్ము మార్చవలెనన్నప్పుడు "ఏల?" అని యడుగగలవానికి సమాధానము లభించును. కొన్ని బండ్లలో బాల్ జాయింటు ఆర్ముతో కలిసియే వచ్చును గనుక ఆ మాట న్యాయమే కావచ్చును. అడుగుటకు జ్ఞానము, వినుటకు సహనము, రెండును కావలెను. మార్చిన పాత భాగమును చూపుమని కోరుట యజమాని హక్కు.

తుదకు మా సూచన. టార్క్ రెంచి, మంచి స్టాండుల జత, కీలును ఊడదీయు పుల్లరు: వీనిని ఏడాదికి ఒక్కమారు వాడుటకై ప్రతి కుటుంబమును కొనుట భారము. ప్రతి శాఖా సంఘమును ఇట్టి పనిముట్ల పెట్టె నొకదానిని ఉమ్మడిగా కొని ఉంచరాదా? నెలకొక ఆదివారమున అనుభవజ్ఞుడైన మేస్త్రీని తగిన పారితోషికముతో పిలిపించి, పరీక్షా విధానమును యువకులకును, బండి నడుపు స్త్రీలకును చూపించరాదా? బండి పుస్తకము ఇంగ్లీషున నుండును. మేస్త్రీ కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో మాటలాడును. మన పిల్లలు ఈ రెంటి నడుమ తలయూచి వచ్చుచున్నారు. ఇరుసును కడశీలను ఎఱిగిన తాతలున్న యింట, బాల్ జాయింటును గూర్చి తెలుగున వివరించుకొనుట అసాధ్యము కాదు.

వచ్చు పండుగకు బండి కట్టి బంధువుల యింటికి బయలుదేరుటకు ముందు, ఒక్క పావుగంట ముందు చక్రములను ఊపి చూడుడు. లూజు కనబడినచో ప్రయాణమును ఒకనాడు వాయిదా వేయుడు. ఆలస్యముగా చేరినవారిని బంధువులు క్షమింతురు.