నగదు కార్డూ, అరువు పుస్తకమూ

చోడవరంలో మా తమ్ముడు కిరాణా కొట్టు నడుపుతున్నాడు. మా నాన్నగారు పెట్టిన కొట్టు అది. నేను ఉపాధ్యాయ వృత్తిలో పడి ఊరూరా తిరిగాను గాని, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా కొట్టు పద్దులు తిరగేసే అలవాటు మాత్రం పోలేదు. 2022 ఏప్రిల్ నుంచి మా ఊరు అనకాపల్లి జిల్లాలోనిది. అయినా ఎవరైనా అడిగితే విశాఖ జిల్లా అనే నోరు జారుతుంది, మన్నించాలి.

రెండేళ్ళ కిందట, డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయి ఫోనులో తన బాబాయికి కాస్ట్‌కో దుకాణాన్ని వర్ణించింది. కార్డు చూపితే గాని లోపలికి రానివ్వరట, తాటిచెట్టంత ఎత్తున సరుకు పేర్చి ఉంటుందట, బయటికంటే అన్నీ చవకేనట. మా తమ్ముడు ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. మర్నాడు పొద్దున్నే, "అన్నయ్యా, మన విశాఖలోనూ అలాంటిది ఉంది కదా, కార్డు తీసుకుంటే గిట్టుబాటవుతుందంటావా?" అని అడిగాడు. లెక్క వేయకుండా చెప్పలేనన్నాను. ఆ లెక్కే ఈ వ్యాసం.

ముందు అమ్మాయి సంగతి. ఈ పద్ధతికి మూలం 1976లో సోల్ ప్రైస్ అనే ఆయన శాన్ డియాగోలో, విమానాలుంచే పాత షెడ్డులో తెరిచిన ప్రైస్ క్లబ్. మొదట్లో అది చిన్న వర్తకుల కోసమే; ఇళ్ళవారిని రానిచ్చింది తరువాత. కాస్ట్‌కో 1983లో సియాటిల్‌లో మొదలై, పదేళ్ళకు ప్రైస్ క్లబ్‌తో కలిసిపోయింది. సరుకు మీద లాభం తక్కువ వేసుకుని, చందాల మీద బతకడం దాని వర్తక రహస్యం. 2024 సెప్టెంబరులో మామూలు చందాను 65 డాలర్లకు, పెద్ద కార్డు చందాను 130కి పెంచారు. పెద్ద కార్డుకు, కొన్నదాని మీద 2 శాతం వెనక్కి వస్తుంది. అంటే పైన కట్టే ఆ 65 డాలర్లు రాబట్టుకోవడానికే ఏడాదికి 3,250 డాలర్ల సరుకు కొనాలి. నెలకు సుమారు 270. అమ్మాయి ఇంట్లో ఉన్నది ముగ్గురు, అందులో ఒకడు రెండేళ్ళవాడు. పాలకూర డబ్బా సగం ప్రతివారమూ చెత్తబుట్టలోకి పోతోందని అదే నోటితో చెప్పింది. చందా కట్టాం కాబట్టి కొనాలన్న పట్టుదల ఒకటి మనిషిని పట్టుకుంటుంది. పిల్లల డయపర్లకూ, కారు పెట్రోలుకూ కార్డు పనికొస్తుందేమో గాని, పాలకూరకు కాదని చెప్పాను. నవ్వేసింది.

మన దేశంలో కథ వేరు. ఇక్కడ ఆ కార్డుకు చందా లేదు, కాని అది వర్తకుల కోసం పుట్టిన కార్డు. నూటికి నూరుపాళ్ళు విదేశీ పెట్టుబడితో టోకు వ్యాపారం చేసుకోవడానికి 1997లో ప్రభుత్వం తలుపు తెరిచింది గాని, సరుకును వర్తకులకే అమ్మాలన్న షరతు ఉండిపోయింది. కార్డు అడగడం ఆ షరతు కోసమే. జర్మనీ వారి మెట్రో 2003లో బెంగళూరులో దుకాణం తెరిచింది. వాల్‌మార్ట్ వారి బెస్ట్ ప్రైస్ 2009లో అమృతసర్‌లో మొదలైంది. ఇప్పుడు రెండూ చేతులు మారాయి. రెండవదాన్ని 2020లో ఫ్లిప్‌కార్ట్ తీసుకుంది, మొదటిదాన్ని 2023లో 2,850 కోట్లకు రిలయన్స్ కొనుక్కుంది. పేరులోనే ఉంది కిటుకంతా: క్యాష్ అండ్ క్యారీ. నగదు ఇవ్వు, సరుకు నువ్వే మోసుకుపో.

తమ్ముడు కార్డు తీసుకున్నాడు. ఏ దుకాణంలో అన్నది ఇక్కడ అప్రస్తుతం. మొదటిసారి నేనూ వెంట వెళ్ళాను. చల్లటి గాలి, నిగనిగలాడే గచ్చు, ధర స్పష్టంగా రాసిన చీటీలు, ఎవరినీ బతిమాలనక్కరలేని బేరం. తమ్ముడి ముఖం వెలిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ముప్పై ఏళ్ళుగా టోకు వర్తకుల అరుగుల మీద కూర్చుని ఎదురుచూసిన మనిషికి అది చిన్న గౌరవం కాదు.

ఆ రోజు 40,000 రూపాయల సరుకు కొన్నాడు. పప్పులు, నూనె, సబ్బులు, బిస్కెట్లు. ఇంటికొచ్చి అనకాపల్లి ధరలతో పోల్చి చూస్తే 1,900 మిగిలింది. బాగానే ఉందనుకున్నాం. కాని విశాఖ మాకు సుమారు 50 కిలోమీటర్లు. రానూపోనూ ట్రక్ ఆటోకు 1,500 అయింది. అనకాపల్లి షావుకారు సరుకును తన బండిలో కొట్టు గుమ్మం దాకా పంపిస్తాడు, డబ్బుకు మూడు వారాలు ఆగుతాడు. విశాఖలో అంతా అక్కడికక్కడే చెల్లించాలి. 40,000 మూడు వారాలకు ఎవరి దగ్గరైనా అప్పు తేవాలంటే, మా వైపు మామూలుగా నడిచే నూటికి రెండు రూపాయల నెలవడ్డీ చొప్పున, దాదాపు 560. కూడండి: 1,500, 560, మొత్తం 2,060. మిగిలిన 1,900 పోగా 160 రూపాయల నష్టం. మరదలు రోజంతా కొట్టులో నిలబడిన కూలి ఇందులో వేయలేదు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన ఓట్స్ పెట్టె సంగతీ వేయలేదు. చోడవరంలో ఓట్స్ తినేవారు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, అందరూ వైద్యులు చెప్పగా తింటున్నవారే. సగం పెట్టె గడువు దాటిపోయింది.

160 రూపాయలతో పోయేదైతే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మా కొట్టులో సగం అమ్మకం అరువు. చెరకు రైతు బిల్లు పడ్డాక ఇస్తాడు, కూలివారు శనివారం ఇస్తారు. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలని, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఉత్తర్వు ఉన్నంత మాత్రాన డబ్బు వచ్చేస్తుందా? అది వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి షావుకారు మా తమ్ముడికిచ్చే మూడు వారాల గడువే ఆధారం. అరువు అనకాపల్లిలో పుట్టి, చోడవరం కొట్టు మీదుగా ఊళ్ళోకి పారుతుంది. పైన మడవ కట్టేస్తే కింద పొలం ఎండుతుంది.

అదే జరిగింది. చేతిలో ఉన్న నగదంతా విశాఖలో పెట్టి వచ్చిన ఆ వారంలోనే, మా నాన్నగారితో కలిసి తిరిగిన ఒక పెద్దాయన కందిపప్పు, నూనె, పంచదార కోసం వచ్చాడు. పద్దు అప్పటికే పెరిగి ఉంది. "ఈ వారం కొంచెం నగదు చూడండి బాబాయ్, చేయి తిరగడం లేదు" అన్నాడు తమ్ముడు. ఆయన ఏమీ అనలేదు. సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నెల దాకా మా వీధిలోకి రాలేదు. పాత బాకీ మాత్రం మనవడి చేత పైసలతో సహా పంపించాడు. ఆ రోజు కొట్టులో నేనున్నాను. తమ్ముడు ఆ డబ్బు లెక్కపెట్టలేదు.

సభలో కూర్చునే అర్హత కలవాడు సభ్యుడు. మా నాన్నగారు గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారంలో సభ్యులు. ఆయనకు వాటా ఉండేది, ఓటు ఉండేది, సభ్యులకిచ్చే రాయితీ పంచదార ఇంటికి వచ్చేది. మహాజన సభ రోజున ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళి, అక్కడ గట్టిగా మాట్లాడి వచ్చానని అమ్మతో చెప్పుకునేవారు. సహకార సంఘాలలోని లోపాలు నాకు తెలియనివి కావు. కాని తమ్ముడి జేబులోని కార్డుకు సభ లేదు, గట్టిగా మాట్లాడే చోటూ లేదు. ధర నచ్చకపోతే వెళ్ళడం మానేయవచ్చు, అంతే.

అలాగని కార్డు పారేయమని నేను చెప్పలేదు. దానివల్ల మేలూ ఉంది. కంపెనీ సరుకు పంపిణీదారు చెప్పిన ధర కంటే పెద్ద దుకాణంలో తక్కువకు దొరకడం ఒక్క మా ఊరి మాట కాదు. ఈ తేడా మీదనే 2021 చివర పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య కంపెనీల మీద నిరసనకు దిగింది. కార్డు చేతికొచ్చాక మా తమ్ముడు కూడా పంపిణీదారుతో, "విశాఖలో ఇంతకే వస్తోందండీ" అని అనగలుగుతున్నాడు. ఆ మాటకు సబ్బుల మీద పెట్టెకు కొంత తగ్గుతోంది. వెళ్ళకుండానే కలుగుతున్న ఈ లాభమే నిజమైన లాభమని నా అనుమానం.

ఇక వెళ్ళవలసింది పండుగలకే. సంక్రాంతికి ముందు పది రోజులు కొట్టులో నగదు అమ్మకం ఉంటుంది. సరుకు నిలవ ఉండదు, వడ్డీ బాధ లేదు. మొన్న సంక్రాంతికి మరో ఇద్దరు కొట్లవాళ్ళతో కలిసి ఒకే ఆటోలో వెళ్ళాడు. కిరాయి మనిషికి 500 పడింది, ఈసారి లెక్కలో మిగులు తేలింది. తక్కిన రోజుల్లో అనకాపల్లి బండి యథాప్రకారం వస్తోంది. ఆ పెద్దాయన కూడా వస్తున్నాడు. మొదట రెండు నెలలు నగదే ఇచ్చాడు; తరువాత ఒకనాడు ఏమీ అనకుండా సరుకు తీసుకుని నిలబడితే, తమ్ముడూ ఏమీ అనకుండా పుస్తకం తీసి రాసుకున్నాడు.

దసరాకు మళ్ళీ ముగ్గురూ విశాఖ వెళ్దామనుకుంటున్నారు. లెక్క రాయడానికి నన్నూ రమ్మన్నారు. వెళ్తాను గాని, ఓట్స్ ఉన్న వరుసలోకి మాత్రం తమ్ముణ్ణి అడుగుపెట్టనివ్వను.