చిత్తు కాగితాలలో ఒక నగర చరిత్ర

చరిత్ర అనగానే రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలు మన మనస్సులో మెదలుతాయి. ఒక వధువు ఏ వస్త్రాలతో అత్తవారింట అడుగుపెట్టినది, ఒక వితంతువు ఎవరి గడప ముందు చేయి చాచినది అనేవి చరిత్ర కావని తలుస్తాము. ఈ తలంపు ఎంత పొరపాటో తెలిపే మహత్తర నిదర్శనం ఈజిప్టులో ఉన్నది. అది పాత కైరోలోని ఫుస్తాత్ నగరభాగంలో, బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనాలయంలో లభించినది.

దైవనామం వ్రాసిన కాగితాన్ని పారవేయరాదని యూదుల ఆచారం. శిథిలమైన ఖురాన్ పుటలను ముస్లిం గృహాలలో ఎంత భక్తితో వేరుగా ఉంచుతారో మన విద్యార్థులకు తెలియనిది కాదు. యూదులు అట్టి కాగితాలను ఉంచే చోటును గెనీజా అంటారు. ఫుస్తాత్‌లో క్రమంగా హీబ్రూ లిపిలో ఉన్న ప్రతి కాగితమూ ఆ గదికే చేరినది. లిపి హీబ్రూ అయినా ఉత్తరాలలో అధికభాగం భాష అరబ్బీయే. 1896లో కేంబ్రిడ్జి పండితుడు సాలమన్ షెక్టర్, అగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల సోదరీమణులు తెచ్చిన ఒక పుటను చూచి దాని విలువ గ్రహించాడు. ఆ ఏడాది చివరలోనే కైరోకు ప్రయాణమై, అక్కడి మతపెద్ద అనుమతితో సుమారు 1,93,000 తునకలను కేంబ్రిడ్జికి చేర్చాడు.

ఆ తునకలలో ఏమున్నవి? వధువు తెచ్చిన నగలను, వస్త్రాలను, పాత్రలను ఒక్కొక్కటిగా వెలలతో సహా పేర్కొన్న వివాహ పత్రాలున్నవి. ధర్మనిధి నుండి రొట్టెలు పొందిన పేదల జాబితాలున్నవి. పసివారు అక్షరాలు దిద్దిన పుటలున్నవి. వర్తకుల లెక్కలున్నవి. ప్రఖ్యాత తత్త్వవేత్త మైమొనిడీస్‌కు అతని తమ్ముడు డేవిడ్ ఎర్రసముద్ర తీరాన ఐధాబ్ రేవు నుండి వ్రాసిన లేఖ కూడా ఉన్నది. ఎడారిని క్షేమంగా దాటితినని, ఇక భారతదేశానికి ఓడ ఎక్కుతున్నానని, ఇంటివారిని ఊరడించమని అందులో కోరాడు. అతడు తిరిగి రాలేదు. హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. మన దేశపు మంగుళూరులో 1132లో ఒక బానిస యువతికి స్వేచ్ఛనిస్తూ వ్రాసిన పత్రం కూడా ఈ కాగితాలలోనే నిలిచినది.

ఈ పత్రాలు ఎవరినీ పొగడవు, ఎవరినీ నిందించవు. యూదులూ ముస్లిములూ భాగస్వాములై వ్యాపారం చేసినట్లు అవే చెబుతున్నవి. జిజియా పన్ను చెల్లించలేని పేద యూదుడు వసూలుదారునకు వెరచి దాగిన సంగతీ అవే చెబుతున్నవి. ద్వేషించువాడు రెండవదానినే, ముఖస్తుతి చేయువాడు మొదటిదానినే చూపుతాడు. రెంటినీ చూపగలిగినది పత్రమొక్కటే. అందువలననే యస్. డి. గోయిటైన్ పండితుడు ఈ చిత్తు కాగితాల ఆధారంగా 1967 నుండి 1988 వరకు వెలువడిన 5 సంపుటాలలో ఆ సమాజ జీవితాన్ని సమగ్రంగా చిత్రింపగలిగాడు.

1948 నాటికి ఈజిప్టులో యూదులు సుమారు 75,000 నుండి 80,000 మంది ఉండేవారు. నేడు వారిని వేళ్లపై లెక్కించవచ్చును. మనుషులు వెళ్లిపోయినారు, మధ్యయుగాలనాటి వారి పూర్వుల జీవితం మాత్రం కాగితాలపై నిలిచినది.

ఇక మన సంగతి చూతము. మన ఇళ్లలో తాతల నిఖానామాలు, భూమి దస్తావేజులు, దూరదేశాల నుండి వచ్చిన ఉత్తరాలు ట్రంకు పెట్టెల అడుగున చెదలపాలగుచున్నవి. మనుమలకు ఆ పాత వ్రాత చదువరాదు గనుక అవి ఒకనాడు పాత కాగితాల వానికి తూకానికి చేరుతున్నవి. ఇవి సొంత ఇంటి చిల్లర విషయాలు, లోకానికేమి ప్రయోజనమని కొందరనవచ్చును. ఫుస్తాత్ గృహిణి పాత్రల పట్టిక కూడా ఒకనాడు చిల్లర విషయమే కదా!

కావున కళాశాల కమిటీ వారికి నా విన్నపమొకటి. మన గ్రంథాలయంలో ఒక్క బీరువాను ఇందుకై కేటాయించండి. ఉర్దూ చదవగల విద్యార్థి, తెలుగు వ్రాయగల విద్యార్థి కలిసి ఇంటి పెద్దల అనుమతితో పత్రాలకు నకళ్లు తీసి, సారాంశం వ్రాసి, అసలు పత్రాలను యజమానులకు భద్రంగా తిరిగి అప్పగించాలి. దీనికి పెద్ద ధనమక్కరలేదు, ఓర్పు కావాలి. తన కాగితాలను తాను కాపాడుకొనని సమాజపు కథను ఇతరులు తమకు తోచిన రీతిలో వ్రాస్తారు. అప్పుడు కాదనుటకు మన చేతిలో చిన్న చీటీ అయినా ఉండదు.